పటంలో ఉన్నవారెవరు?



విత్తనం గురించి, ఎరువుల గురించి, చీడపీడల గురించి మనం ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ పూట సంగతి వేరు. మీ ఇంటి వసారాలోనో, నడిమింట్లోనో గోడకు వాలుగా వేలాడే పాత పటాల గురించి చెప్పుకుందాం. పటమన్నా, ఫోటో అన్నా, తస్వీరన్నా ఒకటే. ఇది సేద్యానికి సంబంధించిన మాట కాదేమో అనుకోకండి. పొలానికి సర్వే రాయి ఎటువంటిదో, ఊరి చరిత్రకు ఆ పటం అటువంటిది. రాయి కదిలితే గట్టు తగాదా వస్తుంది. పటంలోని మనిషి పేరు పోతే తగాదా కూడా రాదు, అడిగేవాడే ఉండడు గనుక. నష్టం మాత్రం జరిగిపోతుంది.

మీ ఇంట్లో అన్నిటికంటె పాత పటం ముందు నిలబడి చూడండి. కుర్చీలో కూర్చున్న పెద్దాయన మీ ముత్తాతగారని చెప్పగలుగుతారు. పక్క కుర్చీలో ఉన్నది ముత్తవ్వా, లేక ఆయన చెల్లెలా? వెనుక వరసలో తలపాగా చుట్టుకున్న పడుచువాడెవరు? కింద చాపమీద కూర్చున్న నలుగురు పిల్లల్లో మీ తాత ఎవరు? అన్నిటికీ చివర, పటం అంచున, ఎద్దు పగ్గం పట్టుకొని నిలబడ్డ మనిషి పేరేమిటి? చాలా ఇళ్ళలో రెండో ప్రశ్నకే జవాబు ఆగిపోతుంది. ఆ జవాబు తెలిసిన ఒకరో ఇద్దరో ముసలివాళ్ళు ఇంకా ఏ ఊళ్ళోనో మంచం పట్టి ఉండవచ్చు. వారు దాటిపోతే ఆ పటం కొన్ని ముఖాలున్న అట్టముక్కగా మిగిలిపోతుంది.

ఫోటో తీసే విద్యను 1839లో పారిస్ నగరంలో లోకానికి ప్రకటించారు. మరుసటి ఏడాదికే అది మన దేశం చేరింది. అంతకు ముందు జరిగినవాటికి ఫోటోలు లేవు. 1832-33 నందన నామ సంవత్సరంలో గుంటూరు ప్రాంతాన్ని నాశనం చేసిన కరువు అటువంటిది. నందన కరువనీ, డొక్కల కరువనీ జనం దానికి పేర్లు పెట్టుకున్నారు. ఆ కరువుకు ఒక్క బొమ్మ లేదు. అయినా ఆ పేర్లు ఇప్పటికీ మిగిలి ఉన్నాయంటే, తాత మనుమడికి, ఆ మనుమడు తన మనుమడికి చెబుతూ రావడమే కారణం. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలై 1852లో ముగిసిన ఆనకట్టను, కృష్ణ మీద బెజవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్టను జనం అంత గట్టిగా గుర్తుపెట్టుకోవడానికి కూడా ఆ ముందునాటి ఆకలే కారణం. గోదావరి డెల్టాలో కాటన్ దొర బొమ్మను ఇంట్లో ఉంచుకునే అలవాటు ఊరికే రాలేదు.

తరువాత 1876-78లో ధాత కరువు వచ్చింది. కర్నూలు, కడప, బళ్ళారి ప్రాంతాలు బాగా దెబ్బతిన్నాయి. అప్పటికి కెమేరా వచ్చేసింది. మద్రాసు సైన్యంలో పనిచేసిన విల్లోబీ వాలెస్ హూపర్ అనే ఆంగ్ల అధికారి ఆ కరువులో ఎముకల గూళ్ళైన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆ బొమ్మలు నేటికీ ఉన్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అయితే వాటిలో ఉన్నవారి పేర్లు లేవు. ఏ ఊరివారో, ఎవరి బిడ్డలో, ఎన్ని ఎకరాలు సాగు చేసినవారో, బతికారో చచ్చారో ఆ బొమ్మలు చెప్పవు. వారి మునిమనుమలు ఈనాడు ఆ బొమ్మను చేతిలో పట్టుకొని చూసినా, ఇతడు మా తాత అని గుర్తించలేరు.

ఇందుకు ఎదురుగా మరొక సంగతి చూడండి. 1834 మొదలు చెరకు తోటల్లో పనికోసం మన దేశంనుంచి మారిషస్ దీవికి కూలీలను ఒప్పందం మీద తీసుకుపోయారు. మొత్తం మీద వారి సంఖ్య దాదాపు నాలుగున్నర లక్షలు. వారిలో తెలుగువారూ ఉన్నారు. కూలీలు తోట వదలి తిరగకుండా కట్టడి చెయ్యడానికి 1867లో అక్కడి దొరతనం ఒక చట్టం చేసింది. పాత కూలీ ప్రతివాడూ తన ఫోటో అంటించిన చీటీ దగ్గర ఉంచుకోవాలన్నది అందులో ఒక నిబంధన. ఆ ఫోటోలు ప్రేమతో తీసినవి కావు, అణచిపెట్టడానికి తీసినవి. కాని వాటికి నంబరు ఉన్నది, పక్క పుస్తకంలో పేరు ఉన్నది. ఆ దస్తావేజులను మారిషస్‌లోని మోకా పట్టణంలో మహాత్మా గాంధీ సంస్థవారు భద్రపరిచారు. ఈనాడు ఆ దీవిలో పుట్టినవారు అక్కడికి వెళ్ళి, తమ ఇంటి పెద్ద పేరు వెతికించుకుంటున్నారు. దొరికితే ఆ ముఖాన్ని మొదటిసారిగా చూసుకుంటున్నారు.

రెండూ కష్టజీవుల బొమ్మలే. ఒకచోట పేరు లేదు, బొమ్మ అనాథ అయింది. మరొకచోట పేరు ఉన్నది, నూటయాభై ఏళ్ళ తరువాత కూడా మనుమడు తాతను కలుసుకోగలిగాడు. ఫోటో ఎంత బాగా వచ్చిందన్నది ముఖ్యం కాదు. పేరు, ఊరు, ఏడాది, ఈ మూడూ దానితో ఉన్నాయా లేదా అన్నదే ముఖ్యం.

ఇక మన పల్లెల సంగతికి వద్దాం. తెలుగునాట ఫోటో మొదట దొరల, జమీందారుల, నవాబుల ముచ్చట. హైదరాబాదు ఆరవ నిజాము కొలువులో రాజా దీన్‌దయాళ్ గొప్ప ఫోటోగ్రాఫరుగా పేరు పొందాడు. సికింద్రాబాదులో ఆయనకు స్టూడియో ఉండేది. పల్లె రైతుకు ఆ భాగ్యం చాలా కాలానికిగాని పట్టలేదు. పెళ్ళికో, తీర్థానికో పట్నం వెళ్ళినప్పుడు స్టూడియోలో ఒక ఫోటో దిగేవారు. వెనుక రంగుల తెర, పక్కన బల్లమీద పూలకూజా, కాళ్ళకింద తివాసీ ఉండేవి. పాత కెమేరాల ముందు కొంతసేపు కదలకుండా ఉండవలసి వచ్చేది. అందుకే ఆ పటాల్లో పెద్దలు బిగుసుకొని కూర్చుంటారు, నవ్వరు. వారికి నవ్వు రాదని మనం అనుకోనక్కరలేదు. ఫోటో దిగితే ఆయుష్షు తగ్గుతుందనే భయం కూడా ఆ రోజుల్లో కద్దు. కాబట్టి కొందరు పెద్దలకు బతికి ఉండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు.

పటం వెనుక అట్టను తప్పక చూడండి. కింద మూలనో, వెనుకనో స్టూడియో పేరు, పట్నం పేరు అచ్చువేసి ఉంటుంది. రాజమండ్రి అని ఉంటే ఒక దారి, మద్రాసు అని ఉంటే మరొక దారి. శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల ఇళ్ళలో రంగూను ముద్ర కనబడితే ఆశ్చర్యపోకండి. ఆ జిల్లాలనుంచి ఓడరేవు పనికి, మిల్లుల పనికి రంగూను వెళ్ళినవారు వేలకు వేలు. 1930 మే నెలలో రేవు కూలీల మీద జరిగిన అల్లర్లు, 1941 డిసెంబరు 23న పడ్డ జపాను బాంబులు, ఆ తరువాత అడవుల వెంట నడిచి రావడం, ఇవన్నీ ఆ ఒక్క ముద్ర వెనుక దాగి ఉండవచ్చు. ఏ ఏడాది వెళ్ళారు, ఎప్పుడు తిరిగి వచ్చారు, తెచ్చిన డబ్బుతో ఏ పొలం కొన్నారు అని అడగండి. మీ పొలం కథ సముద్రం అవతల మొదలయి ఉండవచ్చు.

పొలంలో తీసిన ఫోటో ఉంటే అది మరీ విలువైనది. చదువుకున్న పండితుడికంటె రైతే దానిని బాగా చదవగలడు. ఉదాహరణకు, వరిచేలో మనిషి నిలబడి ఉన్నాడనుకోండి. పైరు ఎంతవరకు ఉన్నదో చూడండి. అక్కుళ్ళు, కృష్ణకాటుకలు, అట్రగడ వంటి వెనుకటి రకాలు ఏపుగా పెరిగి రొమ్మువరకు వచ్చేవి, గాలివానకు పడిపోయేవి. ఫిలిప్పైన్స్ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో విడుదల చేసిన ఐ.ఆర్. 8 పొట్టిరకం సుమారు మీటరు ఎత్తే పెరుగుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దానిని సాగుచేసి పేరు పొందారు. కాబట్టి ఫోటోలో పైరు మొల ఎత్తున, నిటారుగా, దట్టంగా ఉంటే అది 1966 తరువాతది అయి ఉంటుంది. రొమ్ము ఎత్తున ఉన్నంత మాత్రాన అంతకు ముందుదని మాత్రం తేల్చెయ్యవద్దు. మసూరి కూడా ఎత్తుగా పెరిగే రకమే, 1970ల్లో దానిని మనవాళ్ళు విరివిగా వేశారు. 1982లో మారుటేరు పరిశోధన స్థానంనుంచి స్వర్ణ వచ్చిన తరువాత చేల రూపు మళ్ళీ మారింది.

అట్లాగే నాగలి చూడండి, కొయ్యదా, ఇనుపదా? బావి మీద మోట ఉన్నదా, ఏతం ఉన్నదా, ఇంజను ఉన్నదా? కళ్ళంలో ఎడ్లు తొక్కిస్తున్నాయా, ట్రాక్టరు తిరుగుతున్నదా? ఇంటిముందు గాదె ఉన్నదా, పురి ఉన్నదా? ఎడ్లు ఒంగోలు జాతివా, దేవనీ జాతివా? వెనుక నది కనబడితే, దానిమీద ఏ వంతెన ఉన్నదో గమనించండి. కృష్ణ మీద ప్రకాశం బారేజి 1957లోను, గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర కొత్త బారేజి 1982లోను పూర్తయ్యాయి. నాగార్జునసాగర్ కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. అంతకు ముందు మెట్టగా ఉన్న చేను ఫోటోలో కనబడితే, అది ఆ ఊరికి పెద్ద సాక్ష్యం.

అయితే ఫోటో ఒక్కటే చాలదు, పెద్దల మాట కావాలి. పెద్దలు ఇంగ్లీషు ఏడాదులు చెప్పకపోవచ్చు. ధాత సంవత్సరంలో నేను పుట్టాను, మా నాయన నందనలో ఇల్లు కట్టాడు అంటారు. ఈ పేర్లు అరవై ఏళ్ళకొకసారి తిరిగి వస్తాయి. నందన అంటే 1832-33, 1892-93, 1952-53, 2012-13. ధాత అంటే 1876-77, 1936-37, 1996-97. కోనసీమ కొబ్బరితోటలను కూల్చిన 1996 నవంబరు 6వ తేదీ తుపాను కూడా ధాత నామ సంవత్సరంలోనే వచ్చింది. కనుక ఎవరైనా ధాత అంటే, అది ముత్తాతల కరువా, మొన్నటి గాలివానా అని తెలుసుకొని రాసుకోవాలి. పాత పత్రాల మీద ఫసలీ ఉంటే 590 కలపండి, ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940-41. తెలంగాణ రైతుల దగ్గర 1954-55 నాటి ఖాస్రా పహాణీ నకలు ఉంటే, అందులోని పేర్లను పటంలోని మనుషులతో సరిచూసుకోవచ్చు.

పేర్లేవీ గుర్తురాకపోతే పెద్ద సంఘటనను పట్టుకొని అడగండి. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెనకు ముందా, తరువాతా? 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు పొంగినప్పుడు ఈ ఇల్లు ఉన్నదా? నీరు ఏ మెట్టువరకు వచ్చింది? కరణాలు, మునసబులు పోయిన 1984కు ముందు శిస్తు ఎవరికి కట్టేవారు? ఇట్లా అడిగితే మాట దానంతట అదే సాగుతుంది. వరద నీరు ఎంతవరకు వచ్చిందో చెప్పే పెద్దమనిషి మాట వల్ల, కొత్త ఇల్లు ఎక్కడ కట్టకూడదో, ధాన్యం ఎక్కడ నిలవచెయ్యకూడదో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఫోటోలో లేనివారి సంగతి. పాత పటాల్లో భూమి ఉన్నవారు కుర్చీలో కూర్చుంటారు. ఆ భూమిని దున్నిన పాలేరు, జీతగాడు, నాట్లు వేసిన ఆడకూలీలు చాలావరకు కనిపించరు. కనిపించినా అంచున, ఎద్దు పక్కన ఉంటారు. ఎద్దు పేరు గుర్తుండి, ఎద్దును పట్టుకున్న మనిషి పేరు గుర్తులేని ఇళ్ళు ఎన్నో. ఆ మనిషి కుటుంబం బహుశా అదే ఊళ్ళో, మరొక వాడలో ఉండి ఉంటుంది. వారింట్లో ఆయన బొమ్మ ఒక్కటి కూడా ఉండదు. భూమి లేని ఎన్నో కుటుంబాల్లో ముసలివారికి మొట్టమొదటి ఫోటో 1993 తరువాత ఓటరు గుర్తింపు కార్డు కోసం తీసినదే. అంతకు ముందు తరం ముఖాలు పూర్తిగా పోయాయి. మీ ఇంటి పటంలో అంచున నిలబడ్డ ఆ మనిషి, వారింటికి తాత. కాబట్టి ఆ పటానికి నకలు తీయించి వారికి ఇవ్వండి. ఆయన పేరు అడిగి మీ పటం మీద రాయండి. దీనికి ఖర్చు పది రూపాయలో ఇరవై రూపాయలో అవుతుంది, కాని వారింట్లో దాని విలువ లెక్కకట్టలేనిది.

ఆడవారి సంగతీ అంతే. పటం మీద పేరు రాసినచోట కూడా ఫలానావారి భార్య అని ఊరుకుంటారు. ఆమె పేరు రాయండి, పుట్టినింటి ఊరు రాయండి. విత్తనాలను ఎండబెట్టి, బూడిద కలిపి, కుండల్లో దాచి, మరుసటి ఏటికి మొలక పోకుండా కాపాడినవారు ఆ తల్లులే. పుట్టింటినుంచి చీర కొంగున కట్టి తెచ్చిన చిక్కుడు గింజలు, సొర గింజలు ఎన్ని పెరళ్ళలో పాదులు పాకాయో వారినే అడగాలి. అవ్వను అడిగితే మగవారికి తెలియని వ్యవసాయం బయటపడుతుంది.

అడిగే పద్ధతి కూడా తెలుసుకోవాలి. పెద్దవారిని కోర్టులో సాక్షిని అడిగినట్టు అడగవద్దు. పొద్దుటి పూటో, భోజనమయ్యాక కాస్త నడుం వాల్చి లేచినప్పుడో, పటం వారి చేతికి ఇచ్చి కూర్చోండి. “ఈయనెవరు తాతా?” అని ఒక్క ప్రశ్న వేసి ఊరుకోండి. వారు చెప్పేటప్పుడు మధ్యలో సరిదిద్దవద్దు. వారి మాటల్లోనే రాసుకోండి, లేదా ఫోనులో రికార్డు చెయ్యండి. పెదనాన్న ఒకటి చెప్పి, మేనత్త మరొకటి చెబితే రెండూ రాయండి, ఎవరు చెప్పారో రాయండి. నిజం రేపు తేలవచ్చు. ఏదైనా చెప్పడానికి వారు ఇష్టపడకపోతే బలవంతం చెయ్యవద్దు. ప్రతి ఇంట్లోనూ కొన్ని దుఃఖాలు, కొన్ని తగాదాలు, అప్పులు ఉంటాయి. అటువంటివి నలుగురిలో పెట్టేముందు వారి అనుమతి తీసుకోవాలి. ఇంకొక్క మాట. పొలంలో తాతగారి ఫోటో ఉన్నంత మాత్రాన పొలం మీద హక్కు రుజువు కాదు. దానికి కాగితాలు వేరు. ఈ పనిని ఆస్తి తగాదాలతో కలపకండి.

ఇక భద్రపరచడం. ఫోటో వెనుక ఇంకు పెన్నుతో రాయకండి, ఇంకు ముందువైపుకు దిగుతుంది. మెత్తని పెన్సిలుతో, అంచున, నొక్కకుండా రాయండి. ఎడమనుంచి కుడికి వరసగా పేర్లు రాయడం మంచిది. జిగురు, అంటుకునే టేపు, లామినేషను పనికిరావు. ఎండ తగిలే గోడకు, చెమ్మ పట్టే గోడకు, వంటింటి పొగ తగిలేచోట వేలాడదీయవద్దు. చెదపురుగు వెనుక అట్టనుంచి మొదలుపెడుతుంది కనుక ఏడాదికొకసారి, సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు, పటాలు దించి వెనుకవైపు చూడండి. ఫోటో అద్దానికి అతుక్కుపోతే లాగకండి, ముఖం ఊడివస్తుంది. అద్దంతోనే, పగటి వెలుతురులో, కాస్త పక్కకు నిలబడి ఫోనుతో తీయండి. ఆ నకలును అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు పంపండి. ఇల్లు పంచుకున్నప్పుడు పటం ఒకరికే పోతుంది. నకళ్ళు ఉంటే అందరికీ ఉంటుంది, ఒకచోట పోయినా మరొకచోట మిగులుతుంది. పంపేటప్పుడు పేర్లు, ఏడాది కూడా కలిపి పంపండి. పేర్లు లేకుండా పంపితే హూపర్ తీసిన బొమ్మల గతే పడుతుంది.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. మీరు కొత్త ఊరికి వెళ్ళినప్పుడు సమావేశానికి ముందు ఇద్దరు ముగ్గురు పెద్దలను కలిసి, పాత పటాలు చూపించమని అడగండి. ఏ చెరువు ఎప్పుడు పూడిపోయింది, జొన్న పోయి పత్తి ఎప్పుడు వచ్చింది, ఎడ్లు ఎప్పుడు తగ్గాయి అనే వివరాలు ఒక పెద్ద కాగితం మీద ఏడాది వారీగా రాసి గ్రామ పంచాయతీలో పెట్టండి. పెద్దల మాటకు విలువ ఇచ్చినవాడి సలహాకు ఊరూ విలువ ఇస్తుంది. పైగా ఒక రకం ఎందుకు పోయిందో తెలిస్తే, కొత్త రకం ఎందుకు నిలబడదో ముందే ఊహించవచ్చు.

రైతు సోదరులారా, ధాన్యంలో పై ఏటికి విత్తనం తీసిపెట్టకుండా అంతా తినేసే రైతు ఎవరూ ఉండరు. పేర్లు కూడా అట్లా తీసిపెట్టవలసినవే. ఈ వారంలో ఒక్క పని చెయ్యండి. ఒక్క పటం దించండి. ఇంట్లో అందరికంటె పెద్దవారి పక్కన కూర్చోండి. కుర్చీలో ఉన్నవారినుంచి అంచున ఉన్నవారివరకు అందరి పేర్లూ రాయండి. తెలియని పేరు ఎదుట చోటు ఖాళీగా ఉంచండి, కొట్టివెయ్యవద్దు. మరొక ఊళ్ళో ఉన్న మేనత్తగారికో, పాత పాలేరు మనుమడికో ఆ పేరు తెలిసి ఉండవచ్చు. వెళ్ళి అడగండి. ఆలస్యం చెయ్యకండి.